ఆదివారం పూట ఊడదీసిన స్కూటరు

మొన్న బెజవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. ఏసీ నడుస్తున్నా అద్దం కాస్త దించుకోవడం నాకు అలవాటు. ముందున్న పాత బజాజ్ చేతక్ ఒకటి, పచ్చలైటు పడగానే గుప్పున తెల్లటి పొగ మా మొహాన కొట్టి వెళ్ళిపోయింది. పక్కనున్న మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "అద్దం ఎక్కించండి బాబూ" అంటోంది, నేనేమో గట్టిగా పీలుస్తున్నా. పెట్రోలూ, అందులో కలిపే టూటీ ఆయిలూ కలిసి కాలిన వాసన అది. ఇప్పటి పిల్లల్ని అడిగితే కాలుష్యం అంటారు. కాలుష్యమే, కాదనను. నాకు మాత్రం పటమటలో మా ఇంటి వసారా, ఆదివారం పొద్దు, బనీనుతో కింద చతికిలబడ్డ మా నాన్న గుర్తొచ్చారు.

ఇంటికొచ్చాక కూడా బుర్రలో అదే తిరుగుతోంది, సరే రాసి పడేద్దాం అని కూర్చున్నా. వరసగా ఉండదు, ముందే చెప్తున్నా.

* * *

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన స్కూటరు బుక్ చేసినప్పుడు నేను పలక మీద దిద్దుకునే వయసులో ఉన్నాను, బండి ఇంటికొచ్చేసరికి నిక్కర్లు పోయి ప్యాంట్లు వచ్చాయి. లైసెన్సుల కాలం అది. ఫ్యాక్టరీ ఏడాదికి ఎన్ని బళ్ళు చెయ్యాలో కూడా ప్రభుత్వమే చెప్పేది, బజాజ్ కోసం ఏళ్ళ తరబడి కాచుకోవడం దేశమంతా ఉన్న సంగతే. బుకింగ్ రసీదు మా బీరువాలో రేషన్ కార్డు, ఇంటిపన్ను కాగితాలతోపాటు ఒకే సంచిలో ఉండేది. అమ్మ బీరువా సర్దినప్పుడల్లా దాన్ని ఒకసారి తీసి చూసి "ఇది వచ్చేలోపు పిల్లాడికి పెళ్ళయిపోతుంది" అనేది.

డాలర్లు కట్టినవాళ్ళకి మాత్రం వరసతో పనిలేదు. మా వీధిలో డాక్టరు గారి తమ్ముడు అమెరికాలో ఉండి అలా కట్టి పంపిస్తే ఆయన గుమ్మం ముందు కొత్త బండి వచ్చి నిలబడింది. నాన్న వెళ్ళి చూసొచ్చి ఆ రాత్రి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఇంకొంతమంది, వంతు రాగానే బండి తీసుకుని, దాన్ని అసలు ధర మీద ఇంత అని వేసుకుని వెంటనే అమ్మేసేవారు. నాలుగు రోజులు తిరిగిన బండి షోరూమ్ ధర కంటే ఎక్కువ పలకడం ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు.

అలాంటప్పుడు ఇక బండికి ప్రకటన ఎందుకు చెప్పండి? ఇంటికొచ్చే వారపత్రికల్లో కారు బొమ్మో స్కూటరు బొమ్మో ఎప్పుడో గానీ కనపడేది కాదు. టైర్లు, బ్యాటరీలు, ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, ఇంజన్ ఆయిళ్ళ బొమ్మలు మాత్రం బోలెడు. ఎమ్మారెఫ్ టైరుని నెత్తి మీదకెత్తిన కండల వీరుడు ప్రతి టైరు షాపు మీదా ఉండేవాడు, నేను పుట్టకముందు 1960ల్లోనే వచ్చాట్ట ఆయన. మైకో ప్లగ్గుల రేకు బోర్డులు, ఎక్సైడ్ బ్యాటరీ బోర్డులు, ఎండకి రంగు వెలిసిపోయిన క్యాస్ట్రాల్ డబ్బాలు. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది. బండి దానంతటదే అమ్ముడుపోయేది, దాన్ని బతికించుకోవడానికి మాత్రం కొన్నవాడు జీవితాంతం ఏదో ఒకటి కొంటూనే ఉండాలి, అందుకని ప్రకటనల డబ్బంతా అటువైపు పోయేది. గాంధీనగర్ సినిమా హాళ్ళలో ఆట మొదలయ్యే ముందు వేసే స్లైడ్లూ అంతే, ఫలానా ఆటో స్పేర్స్ గవర్నరుపేట, ఫలానా బ్యాటరీ వర్క్స్ ఏలూరు రోడ్డు. చేత్తో రాసిన స్లైడ్లు. ఒక్కోటి తలకిందులుగా పడేది, నేలటిక్కెట్టు వాళ్ళ ఈలలతో హాలు దద్దరిల్లేది.

* * *

బండితోపాటు ఇంగ్లీషులో ఒక సన్నటి పుస్తకం ఇచ్చారు. నాన్న దాన్ని పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రసిరా పెన్నుతో గీతలు గీస్తూ మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా చదివారు. ప్లగ్గు ఎలా తియ్యాలి, ఎంత సందు ఉంచాలి, ప్లగ్గుకి కరెంటు కలిపి తెంచే పాయింట్లు ఎలా సరిచెయ్యాలి, సైలెన్సరులో మసి ఎప్పుడు తియ్యాలి, క్లచ్ వైరు ఎంత వదులుగా ఉండాలి, అన్నీ బొమ్మలతో సహా ఉండేవి. కొన్నవాడు దాన్ని ఊడదీస్తాడు అని కంపెనీవాడు ముందే ఖాయం చేసుకుని రాసిన పుస్తకం అది.

ఆదివారం టిఫిన్ అయ్యాక వసారాలో పాత పేపర్లు పరిచేవాళ్ళం. కుడిపక్క ఇంజన్ మీది రేకు మూత తీసి గోడకి చేరేసి, పొడుగు ప్లగ్గు పానాలో కమ్మీ దూర్చి ఒక్క మెలి తిప్పితే ప్లగ్గు వదులయ్యేది. బయటికి తీసిన ప్లగ్గుని నాన్న వెలుతురులో పట్టుకుని నాకు పాఠం చెప్పేవారు. "నల్లగా తడితడిగా ఉందా, అయితే ఆయిలు ఎక్కువ పడుతోంది. తెల్లగా సున్నం రాసినట్టు ఉందా, పెట్రోలు తక్కువ, ఇంజను వేడెక్కిపోతోంది. కాఫీపొడి రంగులో ఉంటేనే ఆరోగ్యం." ఆ రంగుల సంగతి నాకు ఎనిమిదో తరగతి సైన్సు కంటే ముందు వచ్చింది. పెట్రోల్లో ముంచి, ఇనప బ్రష్షుతో గీకి, ఉప్పుకాగితం ముక్కతో రుద్ది, ఆఖర్న విరిగిన హాక్సా బ్లేడు ముక్క సందులో పెట్టి చూసేవారు. బ్లేడు బిగువుగా జారితే సందు సరిపోయినట్టు. కొలత పరికరం కొనే స్తోమత లేక కాదు, ఆ బ్లేడు మందం ఇంచుమించు పుస్తకంలో రాసిన 0.6 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటుందని ఆయన లెక్క వేసుకున్నారు. లెక్కల మాస్టారు కదా.

పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్లోకి పంపే కార్బొరేటర్ విప్పడం అంటే నాకు పండగ. బొటనవేలి గోరంత జెట్టు, దాని మధ్యలో కంటికి ఆనని రంధ్రం. నోటితో ఊదాలి, ఊదితే నాలుకంతా పెట్రోలు రుచి, ఆ రోజు మధ్యాహ్నం పప్పన్నం కూడా పెట్రోలు వాసనే. ఊదినా నలుసు పోకపోతే పాత బ్రేకు వైరులోంచి ఒకే ఒక పోగు తీసి అందులో దూర్చేవారు. నేనోసారి అమ్మ గాజులకి తగిలించిన పిన్నీసు ఇవ్వబోతే "అది పెడితే బొక్క పెద్దదవుతుందిరా, మైలేజీ గోవిందా" అన్నారు. విప్పిన సామాన్లన్నీ వంటింట్లోంచి తెచ్చిన స్టీలు పళ్ళెంలో విప్పిన వరసలోనే పెట్టడం నా డ్యూటీ. బిగించేటప్పుడు ఆ వరసని వెనకనుంచి పట్టుకురావాలి. పళ్ళెం గురించి అమ్మకీ నాన్నకీ ప్రతి ఆదివారం గొడవే. చివరికి అమ్మ ఆ ఒక్క పళ్ళేనికీ అంచున సుత్తితో సొట్ట పెట్టించి "ఇది మీది, మిగతావాటి జోలికి రావద్దు" అని ఇచ్చేసింది.

బంకులో లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కొలిచి పోసేవారు. పోశాక బండిని పట్టుకుని ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపాలి, కలవాలి కదా. ఆయిలు తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిపట్టి బండి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. పొద్దున్నే బండిని ఒక పక్కకి వంచి, ఒక్క క్షణం ఆగి, నిలబెట్టి, చౌక్ (చల్లబడ్డ ఇంజనుకి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి కిక్కు కొట్టడం ఊరందరికీ అలవాటు. వంచితే కార్బొరేటర్లోకి పెట్రోలు దిగుతుందని అనేవారు. వంచకపోయినా స్టార్టయ్యేది, అయినా వంచేవాళ్ళం. డిక్కీలో ఎప్పుడూ ఒక క్లచ్ వైరు, ఒక ప్లగ్గు, కటింగ్ ప్లేయరు, తుడుచుకునే గుడ్డ ఉండేవి. క్లచ్ వైరు తెగితే బందరు రోడ్డు మీద చెట్టునీడన ఆగి మార్చుకునేవారు, దారినపోయే ఇంకో స్కూటరాయన ఆగి "ఏమైందండీ" అని అడిగేవాడు. అడగడమే కాదు, బండి దిగి పట్టుకునేవాడు కూడా. ఆ రెండో ఆయన ఎవరో మనకి తెలియక్కర్లేదు, ఆయనకీ అదే బండి, అదే వైరు.

* * *

నాన్న చేతిలో తేలని పనులు వీధి చివర మెకానిక్ భాయ్ షెడ్డుకి పోయేవి. రేకుల పందిరి, నేలంతా నల్లగా జిడ్డు, మూలన వివిధ భారతి, కిరసనాయిలు డబ్బాలో నానుతున్న గేరు చక్రాలు. ఆ షెడ్డు చప్పుళ్ళు ఇప్పుడు ఏ సర్వీస్ సెంటర్లోనూ వినపడవు. బేరింగు మీద రాగి కడ్డీ పెట్టి కొట్టే టంగు టంగు, యాక్సిలరేటరు రేజ్ చేసినప్పుడు వీధి కుక్కలు పరిగెత్తడం, "ఒరేయ్ పది పదకొండు పానా ఇటివ్వరా" అన్న కేక. సైలెన్సరులో మసి పేరుకుంటే దాన్ని ఊడదీసి నిప్పులో పెట్టి కాల్చేవారు, లోపలి జిడ్డు కాలి పొగ ఆకాశానికి లేస్తే పక్కింటావిడ బట్టలు తీసుకుని లోపలికి పరిగెత్తేది.

భాయ్ స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "మాస్టారూ, రింగులు కాదు, చిన్న బేరింగు పోయింది" అనేవాడు. విప్పితే అదే. నాన్న అతన్ని ఎన్నడూ ఏకవచనంలో పిలవలేదు, "భాయ్ గారూ, మీకెలా తెలిసిందండీ" అని పక్కన స్టూలు వేసుకుని కూర్చుని అడిగేవారు. అతను నన్ను "చిన్న మాస్టారు" అనేవాడు. బడి లేని రోజు అక్కడే ఉండేవాణ్ణి, నట్లు ఏరే పని ఇచ్చేవాడు.

మా మేనమామది గుడివాడలో అంబాసిడర్ టాక్సీ. అది ఇంకో ప్రపంచం. బ్యాటరీ దిగిపోతే ముందు బంపరు రంధ్రంలోంచి ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పి స్టార్ట్ చేసేవాడు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ బిగించి పట్టుకోకూడదు, ఇంజను వెనక్కి తంతే వేలు విరుగుతుంది అని ప్రతిసారీ చెప్పేవాడు. వానాకాలంలో, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు కప్పులోకి చెమ్మ పోతే కారు కదిలేది కాదు, కప్పు తీసి పొడిగుడ్డతో తుడిస్తే సరి. మే నెలలో అయితే ఇంకో తంటా, మా బెజవాడ ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి కారు ఆగిపోయేది. తడిగుడ్డ పెట్రోలు పంపు మీద కప్పి, పెళ్ళివాళ్ళందరినీ చెట్టుకింద కూర్చోబెట్టి, సోడాలు తాగేదాకా ఆగితే మళ్ళీ బయల్దేరేది. రేడియేటరు కారితే అందులో పసుపు పోసేవాడు, పెట్రోలు ట్యాంకు చెమరిస్తే బట్టలసబ్బు అరగదీసి అద్దేవాడు, సబ్బు పెట్రోల్లో కరగదు కదా. ఒక సిలిండరు పని చెయ్యడం లేదని అనుమానం వస్తే, ఇంజను తిరుగుతుండగానే ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసేవాడు. మంచి సిలిండరు వైరు పీకితే ఇంజను డగడగలాడుతుంది. ఏ వైరు పీకితే చప్పుడు మారలేదో, చచ్చిన సిలిండరు అదన్నమాట. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇదంతా గొప్పగా చెబుతున్నాను గానీ ఆ కార్లు రోడ్డు మీద ఎంత ఏడిపించేవో కూడా చెప్పాలి. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలై, పైపైన ముక్కూ మొహమూ మార్చుకుంటూ 2014 దాకా నడిచింది. పోటీ లేకపోతే కొత్తది ఎందుకు చేస్తాడు? మా మామయ్య మెకానిక్ అయింది ఇష్టంతో కాదు, గత్యంతరం లేక.

* * *

బాబాయి సంగతి రెండు ముక్కలు. ఆయన బోర్డులు రాసేవాడు. నంబరు ప్లేట్లు, లారీల వెనక 'సౌండ్ హారన్', ఊళ్ళ మధ్య గోడల మీద స్కూటర్లు, మోపెడ్లు, టైర్ల ప్రకటనలు. గోడకి సున్నం కొట్టి, నీలిమందు అద్దిన దారాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి వదిలితే గీత పడేది. బండి బొమ్మకి మాత్రం కంపెనీ పంపిన రేకు అచ్చు. దాని చుట్టూ రంగు నింపడమే. టీవీయస్ 50, లూనా బొమ్మలైతే కళ్ళు మూసుకుని వేసేవాడు, కృష్ణా జిల్లాలో పాలక్యాన్లు మోసేవి అవే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఏడాది రెండేళ్ళలో ఆవిరైపోయింది. ఆయన చేత్తో రాసిన ఒక టైరు ప్రకటన కంకిపాడు దారిలో ఒక పాత మిల్లు గోడ మీద చాలాకాలం ఉండేది, తర్వాత గోడే పోయింది.

* * *

'హమారా బజాజ్' ప్రకటన దూరదర్శన్లో వచ్చింది 1989లో. అప్పటికి మేము డిగ్రీ కుర్రాళ్ళం, హిందీ అంతంతమాత్రమే, అయినా హాస్టల్ బాత్రూముల్లో అదే పాట. నాన్న ఒకసారి అది చూసి నవ్వి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "కాచుకున్నన్నాళ్ళు పలకరించినవాడు లేడు, ఇప్పుడు మనవాళ్ళం అయిపోయాం." ఆయన వెటకారంలో నిజం ఉంది. అప్పటికే వరసలు తగ్గిపోయాయి. ఎల్ఎంఎల్ వెస్పా వచ్చింది, గేర్లు లేకుండా బటన్ నొక్కితే స్టార్టయ్యే కైనెటిక్ హోండా వచ్చింది, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. కొనేవాడు పక్కచూపులు చూడటం మొదలెట్టాకే అమ్మేవాడికి మన కుటుంబం, మన దేశం గుర్తొచ్చాయి. ఆ ప్రకటనలో ఇంజను గురించి ఒక్క ముక్క లేదు, గమనించారా? మనుషులే ఉన్నారు.

హీరో హోండా వాళ్ళది ఇంకా సూటి: 'ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్'. పెట్రోలు పోసి, మూత పెట్టి, మర్చిపో. లీటరుకి 80 కిలోమీటర్లు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఆయిలు కలపక్కర్లేదు, పొగ లేదు, ప్లగ్గు నెలల తరబడి ముట్టుకోనక్కర్లేదు. ఆ మూడు ముక్కల్లో మూడోదే అసలుది అని నా నమ్మకం. మా నాన్న ఎర్రసిరాతో నేర్చుకున్నదంతా మర్చిపోవచ్చు అని వాడు హామీ ఇచ్చాడు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. ప్రకటనల చరిత్రలో ఇంత నిజాయితీగా నిలబడ్డ మాట ఇంకోటి నాకు తెలియదు.

నాకు బాధేసిందా? అమ్మకి మాత్రం పండగ. "ఆదివారం పూట మనిషి మొహం కనపడుతుంది ఇక" అంది. మా చెల్లి సంగతి ఇంకా ముఖ్యం. నాన్న చేతక్ బరువు మోసి, ఎడమచేత్తో గేరు మెలితిప్పి, చీరతోనో పరికిణీతోనో కిక్కు కొట్టడం ఆడపిల్లలకి అయ్యే పని కాదనే లోకం మొత్తం తీర్మానించేసింది. మగవాళ్ళం ఆ బళ్ళ గురించి ఇంత ప్రేమగా రాసుకుంటాం గానీ, మా ఇంట్లో అమ్మా చెల్లీ దానిమీద వెనకసీటు మనుషులే. 1990ల్లో స్కూటీ వచ్చి, దాని ప్రకటనల్లో అమ్మాయే ముందు సీటులో కూర్చుంది. చెల్లి లబ్బీపేటలో కాలేజీకి స్కూటీ మీద వెళ్ళిన మొదటి రోజు నాన్న వీధి మలుపు దాకా వెనకాలే నడిచారు. తిరిగొచ్చి "ప్లగ్గు ఎలా తియ్యాలో నేర్పుతా రామ్మా" అంటే "చెడిపోతే షాపులో ఇచ్చేస్తా నాన్నా" అంది. అంతే, ఆ చదువు మా ఇంట్లో అక్కడితో ఆగిపోయింది.

* * *

చదువయ్యాక హైదరాబాద్ వచ్చి ఒక కార్ల డీలరు దగ్గర ప్రకటనల పనిలో చేరాను. పేరు ఎందుకులెండి. పేపర్లకి ఇచ్చే పావు పేజీ, అర పేజీ ప్రకటనల్లో తెలుగు రాయడం నా పని. 1998లో శాంత్రో వచ్చింది, షారుఖ్ ఖాన్ ప్రకటనలో ఉన్నాడు, ఆ ఏడాది చివర్లోనే టాటా ఇండికా వచ్చింది. అప్పటిదాకా ఎక్కువమందికి కారంటే మారుతి 800, కాదంటే అంబాసిడరూ ఫియటూ. 800 కథ మీకు తెలిసిందే, 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు, ధర దాదాపు యాభై వేలు, దానికీ బుకింగులూ వరసలూ. అలాంటిది, ఇప్పుడు కొనేవాణ్ణి బతిమాలుకునే రోజులొచ్చేసరికి మాకు ఉద్యోగాలు పుట్టాయి.

చేరిన కొత్తలో నేను రాసిన ఒక ప్రకటనలో ఇంజను ఎన్ని సీసీ, ఎన్ని వాల్వులు, కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే ఏం లాభం, అన్నీ చక్కగా వివరించాను. మేనేజరు గారు చదివి, కళ్ళద్దాలు తీసి, "సీసీలు ఎవడికి కావాలయ్యా? నెలకెంత పడుతుందో పెద్ద అక్షరాల్లో వెయ్యి. మిగతా జాగాలో భార్యా పిల్లలూ నవ్వుతూ ఉండాలి" అన్నారు. వేశాను. ఆదివారం పేపర్లో వస్తే సోమవారం షోరూములో జనం. ఉగాదికి ఒకటి, దసరాకి ఒకటి, బంగారు నాణెం, ఉచిత బీమా, ఎక్స్‌ఛేంజ్ మేళా, కింద చీమతలంత అక్షరాల్లో షరతులు వర్తిస్తాయి. పదేళ్ళు తిరక్కుండానే మొదటి పేజీ మొత్తం మాదే అయింది. మైలేజీ ఒక్కటే ఆ తుఫానులో నిలిచింది, మనవాడు ఏ బండి చూసినా ముందు అడిగేది "ఎంతిస్తుంది?" అనే కదా, ఆ ప్రశ్ననే మారుతివాళ్ళు హిందీలో 'కిత్నా దేతీ హై' అని పెట్టుకుని ప్రకటనలు తీశారు.

ఈలోగా బానెట్ కింద జరిగింది ఎవరూ ప్రకటించలేదు. కాలుష్యం నిబంధనలు గట్టిపడేకొద్దీ కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటరు, పాయింట్లు ఒక్కొక్కటే వెళ్ళిపోయి వాటి జాగాలో సెన్సర్లూ ఒక కంప్యూటరు పెట్టీ వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్4 అనే కాలుష్య ప్రమాణం వచ్చినప్పుడు మారుతి 800 అక్కడ అమ్మడం మానేశారు, 2014లో తయారీయే ఆపేశారు. అంబాసిడరూ ఆ ఏడాదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చి బైకుల్లో కార్బొరేటర్‌ని కూడా దాదాపు తుడిచిపెట్టేసింది. మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగు చదివాడు, 'చౌక్' అంటే సుద్దముక్క అనుకున్నాడు.

* * *

నిరుడు మా కారు ఆగినప్పుడల్లా ఒణకడం మొదలెట్టింది, డాష్‌బోర్డులో పసుపు ఇంజను బొమ్మ వెలిగింది. అప్పటికి వారంటీ అయిపోయింది. నేను బెజవాడ వచ్చి ఉన్నాను కాబట్టి ఆటోనగర్లో భాయ్ కొడుకు షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆసియాలోనే పెద్దదని మావాళ్ళు గొప్పగా చెప్పుకునే ఆటోనగర్ అది, లారీ బాడీలు కట్టేవాళ్ళు, కమాన్‌కట్టలు సాగదీసేవాళ్ళు, డైనమోలు చుట్టేవాళ్ళు, లేతు పనివాళ్ళు, ఒక్కో వీధిలో ఒక్కో శబ్దం. భాయ్ పోయి చాలాకాలమైంది. కొడుకు చేతిలో స్క్రూడ్రైవరు లేదు, ట్యాబు ఉంది. స్టీరింగు కింద ఉన్న సాకెట్లో చిన్న పరికరం గుచ్చి "అన్నా, పీ0301" అన్నాడు. అంటే మొదటి సిలిండరులో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదని.

"మరి ప్లగ్గు వైరు పీకి చూడవా?" అన్నాను, మామయ్య గుర్తొచ్చి. నవ్వాడు. "అన్నా, ఇప్పుడు వైర్లు లేవు, ఒక్కో ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కోటి. నడిచే బండిలో పీకితే కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోయి, పొగని శుద్ధి చేసే కన్వర్టరు పోతుంది, అది మార్చాలంటే మీరు ఏడుస్తారు." అని, ఇంజను ఆపి, మొదటి సిలిండరు కాయిల్ తీసి రెండోదానికి పెట్టి, రెండోది మొదటిదానికి పెట్టి, కోడ్ చెరిపేసి మళ్ళీ స్టార్ట్ చేశాడు. కాసేపటికి ట్యాబులో పీ0302 అని వచ్చింది. జబ్బు కాయిల్‌తోపాటు రెండో సిలిండరుకి వెళ్ళిందన్నమాట, అంటే ప్లగ్గు మంచిది, కాయిలే పోయింది. నేను గట్టిగా "మా మామయ్య చేసిందీ ఇదేనయ్యా" అనేశాను. ఏది తీస్తే ఏది మారుతుంది అని చూడటం. ఆ లెక్క ఎక్కడికీ పోలేదు, చెవిలోంచి ట్యాబులోకి వచ్చింది, అంతే.

అతని బాధ వేరు. పరికరం కొన్నాడు గానీ కొన్ని కంపెనీల బళ్ళు కొత్త భాగం వేశాక కంపెనీ సాఫ్ట్‌వేరుతో దాన్ని ఒప్పించందే పనిచెయ్యవట. ఆ సాఫ్ట్‌వేరు బయటివాళ్ళకి అందదు. "నాన్నకి ఇంజను దాచుకున్నదేమీ ఉండేది కాదన్నా" అన్నాడు. రెండోది, కుర్రాళ్ళు యూట్యూబులో తెలుగు వీడియోలు చూసి ఏసీ ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు వాళ్ళే మార్చేసుకుని, మధ్యలో ఆగిపోతే ఫోన్ చేస్తున్నారట. నాకైతే ఆ మాట సంతోషంగా అనిపించింది, అతనికి అనిపించకపోవడం న్యాయమే.

ఇప్పటి ప్రకటనలు చూస్తున్నాను. సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్, సీటులోంచి చల్లగాలి, ఫోన్లోంచి తలుపు తాళం. బానెట్ ఎత్తిన కారు బొమ్మ చివరిసారి ఏ ప్రకటనలో చూశానో గుర్తు లేదు. ఒక్క విషయంలో మాత్రం మెచ్చుకుంటాను, భద్రతకి ఎన్ని చుక్కలో ఇప్పుడు పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. 2014లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన దేశం కార్లని గోడకి గుద్దించి చూస్తే వరసగా సున్నాలు వచ్చాయి, అప్పటిదాకా ఈ ఊసే లేదు. మా మామయ్య అంబాసిడర్లో మేం తొమ్మిదిమందిమి కూర్చుని తిరుపతి వెళ్ళాం, దాన్నీ ప్రేమగానే తల్చుకుంటాం, ఏదైనా జరిగుంటే అన్న ఆలోచన ఇప్పుడు వస్తే గుండె ఝల్లుమంటుంది. చేతక్ కూడా 2006లో ఆగిపోయి, 2020లో కరెంటు బండిగా మళ్ళీ వచ్చింది. షోరూములో చూశాను, అందంగా ఉంది, ఎక్కడా జిడ్డు లేదు. సేల్స్ కుర్రాణ్ణి "ఇందులో నేను చెయ్యగలిగేది ఏమైనా ఉందా?" అని అడిగితే "ఛార్జింగ్ పెట్టుకోండి సార్" అన్నాడు.

మా కారు పుస్తకం ఇప్పుడు లావుగా ఉంటుంది, నాన్న పుస్తకానికి ఎన్నో రెట్లు. తిరగేస్తే ప్రతి రెండో పేజీలో 'అధీకృత డీలరుని సంప్రదించండి'. మనకి వదిలేసినవి వైపరు నీళ్ళు పోసుకోవడం, టైర్లలో గాలి చూసుకోవడం, ఇంకా ఫ్యూజులు. పోయిన నెల ఫోన్ ఛార్జింగ్ సాకెట్ పనిచెయ్యడం మానేసింది. సర్వీసుకి ఫోన్ చేస్తే గురువారం తీసుకురండి, ముందు తనిఖీ చార్జీ ఉంటుంది అన్నారు. డాష్‌బోర్డు కింద మూత తీసి, లోపల తగిలించి ఉన్న ప్లాస్టిక్ పటకారుతో నీలంరంగు 15 ఆంపుల ఫ్యూజు లాగి వెలుతురులో పెట్టి చూశాను, మధ్య తీగ తెగి ఉంది. స్పేర్ అక్కడే ఉంది, పెట్టేశాను. సాకెట్లో ఫోన్ పెట్టగానే లైటు వెలిగింది.

మా ఆవిడ "గురువారం ఇక వెళ్ళక్కర్లేదా?" అంది. అక్కర్లేదన్నాను. "అయితే ఆ చేతులు కడుక్కుని రండి, భోజనానికి పిలిచి అరగంటయింది" అంది. చేతులకి ఏమీ అంటలేదు, ఆ సంగతి చెప్పకుండానే వెళ్ళి సబ్బుతో కడుక్కున్నాను.